నల్లరేగడిలో తెల్లరాయి

గుడిలో ఫ్యాను తిరుగుతున్నంతసేపూ దాత ఎవరో తెలీదు. కరెంటు పోతే తెలుస్తుంది! ఇంటిపేరు ఒక రెక్క మీద, అసలు పేరు ఇంకో రెక్క మీద, 'జ్ఞాపకార్థం' అన్న మాట మూడో రెక్క మీద. ట్యూబులైటు సంగతి మరీ అన్యాయం. ఎర్ర పెయింటుతో రాసిన పేరు సగం వెలుతురును మింగేస్తుంది. గుంటూరు నుంచి పర్చూరు వెళ్లే దారిలో ఉన్న ప్రత్తిపాడు చుట్టుపక్కల ఏ ఊళ్లో గుడికి వెళ్లినా ఇదే వరస. మెట్టుకో పేరు, స్తంభానికో పేరు, కూర్చునే సిమెంటు బల్లకో పేరు. ముఖద్వారం పక్కన గోడకు చీమకుర్తి నల్లరాయి పలక. దాని మీద బంగారు రంగు అక్షరాల్లో ఎవరెంత ఇచ్చారో జాబితా. ఎక్కువ ఇచ్చినవాళ్లు పైన, తక్కువ ఇచ్చినవాళ్లు కింద.

'దేవుడికి ఇచ్చింది దేవుడికి తెలీదా? ఊరందరికీ చెప్పుకోవాలా?' అని పెద్దమనుషులు నవ్వుతుంటారు. నవ్వొచ్చే సంగతే. కానీ రెండు వేల ఏళ్ల కిందట ఈ నేల మీద బతికిన మామూలు మనుషుల్లో ఏ కొద్దిమంది పేర్లయినా ఇవాళ మనకు తెలుసంటే ఆ పుణ్యం ఈ అలవాటుదే. కావ్యాలు వాళ్లను పట్టించుకోలేదు. రాజుల ప్రశస్తుల్లో వాళ్లకు చోటు లేదు. మొక్కు తీర్చుకుంటూ రాయి మీద పేరు చెక్కించుకున్నారు కాబట్టి మిగిలారు.

విధికుడనే ఆయన సంగతే చూడండి. అమరావతి మహాచైత్యానికి ఒక రాతి పలక ఇచ్చాడు. పలక మీద పూలు పొంగిపొర్లే పూర్ణఘటం. కింద ప్రాకృతంలో, బ్రాహ్మీ లిపిలో నాలుగు ముక్కలు. ఇచ్చినవాడు చర్మకారుడు, అంటే తోలుపని చేసేవాడు. నాగుడనే ఉపాధ్యాయుడి కొడుకు. ఒక్కడే ఇవ్వలేదు. తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకుతో, కూతుళ్లతో, చుట్టపక్కాలతో, స్నేహితులతో కలిసి ఇచ్చాడు. తండ్రి పాఠాలు చెప్పేవాడు, కొడుకు తోలు పని చేసేవాడు! ఆ ఒక్క వాక్యం ఆనాటి సమాజం గురించి ఎన్ని ప్రశ్నలు రేపుతుందో ఆలోచించండి. ఆంధ్రప్రదేశ్ రాజముద్ర మధ్యలో ఉన్నది పూర్ణఘటమే. ఏ ప్రభుత్వ కాగితం తీసినా పైన కనిపిస్తుంది. అలాంటి ఘటాన్నే ఒక తోలుపనివాడు ఇంటిల్లిపాదితో కలిసి దేవుడికి ఇచ్చుకున్నాడని ఎంతమందికి తెలుసు?

అమరావతి రాళ్ల మీద ఇలాంటి పేర్లు ఇంకా ఉన్నాయి. వర్తకులు, సుగంధద్రవ్యాలు అమ్ముకునేవాళ్లు, భిక్షువులు, భిక్షుణులు, గృహిణులు. అంత పెద్ద కట్టడాన్ని ఏ ఒక్క మహారాజో కట్టించలేదు. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే చందాల మీద లేచింది. పలకకో దాత, స్తంభానికో దాత.

ఇదే అలవాటు సముద్రాల అవతల గ్రీకు దేశంలోనూ ఉండేది. అక్కడ గుడి ఆవరణల్లో చిన్నచిన్న పాలరాతి పలకలు నిలబెట్టేవారు. ఒక గుంజలాంటి రాతి మీద గాడి తొలిచి, అందులో పలకను దించి, సీసం కరిగించి పోసి బిగించేవారు. పలక మీద ఉబ్బెత్తుగా చెక్కిన బొమ్మలు. ఒక పక్క దేవుడో దేవతో. ఎదురుగా మొక్కు చెల్లించడానికి వచ్చిన సంసారం. మధ్యలో బలిపీఠం. ఆ బొమ్మలకు మొదట్లో రంగులుండేవి. ఎరుపు, నీలం వెలిసిపోయి, చివరికి తెల్లరాయి మిగిలింది. గ్రీకు శిల్పం అంటే తెలుపే అని ప్రపంచం చాలాకాలం భ్రమపడింది కూడా.

ఏథెన్స్‌కు తూర్పున సముద్రపు ఒడ్డున బ్రౌరాన్ అని ఒక చోటుంది. అక్కడ ఆర్తెమిస్ దేవత గుడి. పిల్లల్ని, బాలింతల్ని కాచే తల్లిగా ఆమెను కొలిచేవారు. అక్కడ దొరికిన ఒక పలక క్రీ.పూ. 4వ శతాబ్దం నాటిది. అరిస్తొనీకె అనే ఆవిడ ఇచ్చింది. పేరు, భర్త పేరు, భర్త ఊరు పలక మీదే ఉన్నాయి. మొక్కుకున్నాను, మొక్కు చెల్లించాను అని రాయించింది. బొమ్మలో దేవత నిటారుగా నిలబడి ఉంటుంది. బలిపీఠం దగ్గరకు ఎద్దును తోలుకొచ్చారు. వెనక భార్యాభర్తలు జంటలు జంటలుగా, వాళ్ల కాళ్ల దగ్గర పిల్లలు. అందరికంటే చివర ఒక పనిమనిషి, నెత్తిన పెద్ద పెట్టె మోస్తూ. ఆ చివరి మనిషిని చూస్తే ప్రత్తిపాడు వైపు వాళ్లకు ఏమీ కొత్తగా అనిపించదు. పోలేరమ్మకు పొంగలి పెట్టడానికి ఇల్లంతా బయలుదేరితే గంప మోసే మనిషి వెనకే వస్తుంది కదా! ఎద్దు చోట వేటపోతును పెట్టుకుంటే సరి.

ఏథెన్స్ మ్యూజియంలో ఇంకో పలక ఉంది. క్రీ.పూ. 410 ప్రాంతానిది. క్సెనోక్రతేయ అనే తల్లి కేఫిసోస్ అనే నదీదేవుడికి ఇచ్చుకుంది. కొడుకు పేరు క్సెనియాదెస్. వాడి చదువు కోసం ఇస్తున్నానని రాయించింది. బొమ్మలో పిల్లవాడు తల్లి మోకాలి ఎత్తు ఉంటాడు. ఎదురుగా ఉన్న దేవుడి వైపు చెయ్యి చాస్తుంటాడు. దేవుడు ఒంగి వాడివైపు చూస్తున్నాడు. కొడుకును చంకనేసుకుని బాసరకు రైలెక్కే తల్లికి ఈ రాయిని ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఈ పలకల్లో మొదట కంటికి ఆనేది కొలత. దేవత మనుషుల కంటే బాగా ఎత్తు. మనిషి తల దేవత భుజం దగ్గరకో, కొన్నిచోట్ల నడుం దగ్గరకో వస్తుంది. పిల్లలు మరీ వేలెడంత. గ్రీకు శిల్పికి కొలతలు తెలియక కాదు, కొలతలు తెలిసిన శిల్పులంటేనే వాళ్లు. దేవుడు పెద్ద, మనం చిన్న అన్న సంగతిని రాతిలో అలా చెప్పాడు. చిన్నగానైనా సరే, దేవత ఉన్న చట్రంలోనే తానూ ఉండాలని మొక్కుకున్నవాడి కోరిక. ఇప్పటి మాటల్లో దేవతతో దిగిన ఫొటో. ఒక్క తేడా, గ్రీకులు చేతులు జోడించరు. కుడిచెయ్యి పైకెత్తి, అరచెయ్యి దేవుడివైపు చూపిస్తారు.

అమరావతి శిల్పి ఇంకో దారి పట్టాడు. తొలినాటి పలకల్లో బుద్ధుడి బొమ్మే ఉండదు. ఖాళీ సింహాసనం, దాని ముందు రెండు పాదముద్రలు, పైన బోధివృక్షం. అంతే. ఆ ఖాళీ చుట్టూ మాత్రం మనుషులు కిక్కిరిసి ఉంటారు. చెన్నై మ్యూజియంలో ఉన్న ఒక అమరావతి పలకలో నలుగురు స్త్రీలు ఆ పాదాల ముందు సాగిలపడి ఉన్నారు. ఒక్కో వెన్ను ఒక్కో తీరుగా ఒంగి ఉంటుంది. ముఖాలు సరిగా కనిపించవు, వీపులూ జడలూ కనిపిస్తాయి. భక్తి అంటే ఎలా ఉంటుందో వీపుతో చూపించిన శిల్పి అతను. గ్రీకు పలకలో దేవత పెద్దదైతే, ఇక్కడ దేవుడు అసలు కనిపించడు, కనిపించేదంతా మొక్కేవాళ్లే! రెంటిలో ఏది గొప్ప అని తగువు పెట్టుకోవడం అనవసరం గానీ, ఆ నాలుగు వీపులను చూసినవాళ్లు ఒక పట్టాన మర్చిపోలేరు.

నాగార్జునకొండకు వెళితే పేర్లు ఇంకా చిక్కబడతాయి. అక్కడ ఇక్ష్వాకు రాజులు అశ్వమేధాలూ యాగాలూ చేస్తుంటే, వాళ్ల ఇంటి ఆడవాళ్లు బౌద్ధానికి దోసిళ్లతో ఇచ్చారు. మహాచైత్యానికి ఆయక స్తంభాలు ఎత్తించిన చాంతిసిరి, రాజు చాంతమూలుడి చెల్లెలు. తరవాత రాజైన వీరపురుషదత్తుడు ఆమెకు మేనల్లుడూ, అల్లుడూ! మేనరికాలకు మనవాళ్లు ఇవాళ కొత్తగా అలవాటుపడలేదన్నమాట. అల్లుడి ఆయుష్షు కోసం, గెలుపు కోసం కూడా ఆమె దానం చేసింది. అత్తగారికి అంతకంటే ఏం కావాలి? బోధిసిరి అనే ఉపాసిక రాజకుటుంబం మనిషి కాదు. సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించి, ఆ శాసనంలో పుట్టింటివాళ్లను, మెట్టినింటివాళ్లను వరసపెట్టి రాయించింది. చదువుతుంటే శుభలేఖలో 'మీ రాకను కోరువారు' జాబితా చదువుతున్నట్టే ఉంటుంది. ఒక్కరిని మర్చిపోయినా మాట పడాల్సి వస్తుందని ఆమెకూ భయం ఉండే ఉంటుంది.

ఇవన్నీ ఒక ఎత్తు, ఖందువుల అనే రాణి ఇచ్చిన పలక ఒక్కటే ఒక ఎత్తు. ఎహువుల చాంతమూలుడి భార్య ఆమె. క్రీ.శ. 3-4 శతాబ్దాల మధ్య కాలం. పలక మీద ఉన్నది లజ్జాగౌరి అని ఇప్పుడు పిలుస్తున్న మాతృదేవత. ప్రసవించే భంగిమలో కూర్చున్న తల్లి. పై భాగం విరిగిపోయింది. నడుం కింది భాగం, శాసనం మిగిలాయి. ఇది మహాదేవి ఖందువుల చేయించింది అని రాసి ఉంది. రాజుకు భార్య అని ఉంది. వీటితోపాటు ఇంకో రెండు మాటలున్నాయి. అవిధవ, జీవపుత్ర. భర్త బతికి ఉన్నది, బిడ్డ బతికి ఉన్నది.

ఆ రెండు మాటల దగ్గర కాసేపు ఆగాలి. మహారాణి. అంతఃపురం, దాసీలు, వైద్యులు, అన్నీ ఉన్న మనిషి. అయినా దేవత ముందు తన గురించి చెప్పుకోవాల్సి వచ్చినప్పుడు నగల గురించి చెప్పుకోలేదు, వంశం గురించి విస్తరించలేదు. మొగుడున్నాడు, బిడ్డ దక్కాడు. ఇంతే. బిడ్డ దక్కడం అంత పెద్ద సంగతి ఆ రోజుల్లో. దక్కినందుకు కృతజ్ఞతగా ఇచ్చిందా, దక్కినవాడిని కడదాకా నిలపమని ఇచ్చిందా అన్నది రాయి చెప్పదు. రెండూ అయి ఉండొచ్చు. మొక్కు అంటేనే సగం కృతజ్ఞత, సగం భయం.

బ్రౌరాన్‌లో కూడా సరిగ్గా ఈ భయమే. సుఖంగా ప్రసవించిన ఆడవాళ్లు ఆర్తెమిస్‌కు బట్టలు ఇచ్చుకునేవారు. ఎవరు ఏ చీరలాంటి వస్త్రం ఇచ్చారో పేరుపేరునా రాతి మీద లెక్క రాసేవారు. ప్రసవంలో పోయిన ఆడవాళ్ల బట్టలు ఇఫిగేనియకు చెందుతాయని యూరిపిడిస్ నాటకంలో ఉంది. బతికితే ఒక దేవతకు, పోతే ఇంకొకరికి. ఎటుపోయినా చీర మాత్రం గుడికి చేరాల్సిందే!

నాగార్జునకొండ మీద హారీతికి కూడా గుడి ఉండేది. హారీతి మొదట పసిపిల్లల్ని ఎత్తుకుపోయి తినే యక్షిణి అని, బుద్ధుడు ఆమె బిడ్డనే దాచిపెట్టి కడుపుకోత ఏమిటో తెలియజెప్పాడని, అప్పటినుంచి పిల్లల్ని కాచే తల్లి అయిందని బౌద్ధుల కథ. చంపే దేవతే కాచే దేవత కావడం మనకు విచిత్రం కాదు. పోలేరమ్మ సంగతి అంతే కదా! మశూచి పోస్తే 'అమ్మవారు పోసింది' అన్నారు. తగ్గితే 'అమ్మవారు చల్లగా చూసింది' అన్నారు. దేశంలో చివరి మశూచి కేసు 1975లో నమోదైంది. 1980కల్లా ప్రపంచం నుంచే అది పోయింది. జబ్బు పోయినా అమ్మవారు పోలేదు. ఊరి పొలిమేరలో పసుపు పూసిన రాయిగానే ఉంది, వేపాకు, చలిమిడి, పొంగలి అందుకుంటూనే ఉంది. గుళ్ల ముందు దుకాణాల్లో వెండి కళ్లు, వెండి చేతులు అమ్ముతారే... అలాంటివే గ్రీకులు వైద్యదేవుడు అస్క్లేపియోస్‌కు పాలరాతితో, మట్టితో చేయించి ఇచ్చేవారు. చెవి నొప్పికి చెవి, కాలి నొప్పికి కాలు.

ఇదంతా ఎక్కడో అమరావతి, నాగార్జునకొండ గొడవ, ప్రత్తిపాడుకేమిటి సంబంధం అనుకునేవాళ్లు కాస్త తూర్పువైపు చూడాలి. గుంటూరు నుంచి పొన్నూరు వెళ్లే రోడ్డు మీద చేబ్రోలు ఉంది. అక్కడ భీమేశ్వరాలయం మరమ్మతులు చేస్తుంటే ఒక శాసనం బయటపడింది. 2019 డిసెంబరులో భారత పురావస్తు సర్వేక్షణ వాళ్లు దాని సంగతి లోకానికి చెప్పారు. శాతవాహన రాజు విజయుడి 5వ పాలనా సంవత్సరం, అంటే క్రీ.శ. 207. భాష సంస్కృతం, లిపి బ్రాహ్మి. దక్షిణ భారతంలో తేదీ తెలిసిన సంస్కృత శాసనాల్లో ఇంతకంటే పాతది అప్పటికి దొరకలేదు. అంతకుముందు ఆ పేరు నాగార్జునకొండలోని ఎహువుల చాంతమూలుడి శాసనానికి ఉండేది. అవును, ఖందువుల భర్తే!

చేబ్రోలు శాసనంలో ఏముంది? తాంబ్రాపె అనే ఊళ్లో (చేబ్రోలు పాత పేరు అదే) భగవతి శక్తిమాతృక గుడి దగ్గర కార్తికుడనే వ్యక్తి ప్రాసాదం, మండపం కట్టించి, ప్రతిమలు పెట్టించాడని ఉంది. సప్తమాతృకల ఆరాధన గురించి ఇంత పాత శాసనం ఇంకొకటి లేదని పండితులు తేల్చారు. ఏడుగురు తల్లులు. ప్రత్తి చేల గట్ల మీద, చెరువు కట్టల మీద వరసగా ఏడు రాళ్లు నిలబెట్టి పసుపు కుంకుమ పెట్టడం ఈ ప్రాంతంలో ఎవరికి తెలియదు? ఆ ఏడు రాళ్లకు, ఈ శాసనానికి నేరుగా చుట్టరికం కలిపేయడం తొందరపాటు అవుతుంది. మధ్యలో 18 శతాబ్దాలు ఉన్నాయి. కానీ అమ్మతల్లికి గుడి కట్టించి పేరు రాయించుకున్న మనిషి ఒకడు ఈ నేల మీదే, ఇంత దగ్గరలోనే ఉన్నాడన్నది మాత్రం ఇప్పుడు కాదనలేని సంగతి.

ఇక్కడే రాయి గురించి ఒక మాట చెప్పాలి. ప్రత్తిపాడు, పెదనందిపాడు, కాకుమాను... ఇదంతా నల్లరేగడి. ప్రత్తికి, మిరపకు పేరుపడ్డ నేల. ఎండాకాలం బీటలు వారితే చెయ్యి పట్టేంత పగుళ్లు. ఎంత తవ్వినా మన్నే గానీ పలక రాయి రాదు. అమరావతి శిల్పాల్లో వాడిన లేతాకుపచ్చ ఛాయ తెల్లరాయి పల్నాడుది. అసలు అది పాలరాయి కాదు, సున్నపురాయి. సున్నపురాయే భూగర్భంలో వేడికి, ఒత్తిడికి మాగితే పాలరాయి అవుతుంది. గ్రీకుల పెంటెలికస్ కొండ రాయి అలా మాగింది. పల్నాటిది మాగలేదు. అయినా నునుపు చూసి తెల్లదొరలు దాన్నీ 'మార్బుల్' అనే పిలిచారు. 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించి మద్రాసు చేర్చిన అమరావతి రాళ్లకు 'ఎలియట్ మార్బుల్స్' అని పేరు పడింది. ఏథెన్స్ నుంచి తెచ్చిన 'ఎల్గిన్ మార్బుల్స్'కు తమ్ముడన్నట్టు! 1859లో అవి ఓడెక్కి లండన్ వెళ్లాయి. అక్కడ బండ్ల కొట్టంలో పడి ఉంటే 1867లో ఫెర్గుసన్ కంటపడ్డాయి. 1880లో బ్రిటిష్ మ్యూజియం చేరాయి. ఏథెన్స్ రాళ్లూ, అమరావతి రాళ్లూ ఇవాళ ఒకే కప్పు కింద ఉన్నాయి.

లండన్ పోయినవాటి గురించి అందరం బాధపడతాం. న్యాయమే. కానీ ఇక్కడే ఉండి పోయినవాటి మాటేమిటి? సున్నపురాయికి ఒక శాపం ఉంది. కాలిస్తే సున్నం అవుతుంది. పాలరాయికీ అదే శాపం. గ్రీసులో మధ్యయుగాల్లో ఎన్నో దేవతల బొమ్మలు బట్టీల్లో పడి సున్నమయ్యాయి. అమరావతిలోనూ అదే జరిగింది. 1790ల్లో వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు కొత్త పట్నం కడుతుంటే దీపాలదిన్నె తవ్వి రాళ్లు మోసుకుపోయారు. కొన్ని గోడల్లోకి, కొన్ని మెట్లలోకి, కొన్ని బట్టీలోకి. ఏ విధికుడి పక్కింటివాళ్ల పేర్లు ఏ ఇంటి గోడకు వెల్లగా పోయాయో!

భట్టిప్రోలు కథ ఇంకా కడుపు తరుక్కుపోయేలా ఉంటుంది. 19వ శతాబ్దంలో అక్కడి స్తూపం ఇటుకలు రోడ్డు వేయడానికి తోలారు. చెక్కిన పలకలు కాలువ తూము కట్టడానికి వాడారు. అంతా అయ్యాక 1892లో అలెగ్జాండర్ రీ తవ్వితే, అడుగున ఉన్న ధాతుపేటికలు దొరికాయి. పేటికల మీద మళ్లీ పేర్లే! కురుడి తండ్రి, కురుడి తల్లి, కురుడు, శివుడు కలిసి ఇచ్చిన పేటిక అని ఒకదాని మీద ఉంది. ఇంకోదాని మీద ఒక గోష్ఠి సభ్యుల పేర్లు, అంటే కమిటీ మెంబర్ల జాబితా. అంత లోతున ఉన్నాయి కాబట్టి తూము కింద పడకుండా దక్కాయి.

రాయి దొరకని నేలలో రాయి విలువైన వస్తువు. ఒకసారి వచ్చిన రాయి ఊరికే ఉండదు. బావి గట్టు అవుతుంది, చాకిరేవు బండ అవుతుంది, గేదెల కుడితి తొట్టి కింద ఎత్తు అవుతుంది, రామమందిరం మెట్టు అవుతుంది. బొమ్మ ఉన్న వైపు కిందికి, చదునుగా ఉన్న వైపు పైకి పెట్టడం మేస్త్రీ ధర్మం. అందుకే ఒక లెక్క గుర్తుపెట్టుకోవచ్చు. నల్లరేగడిలో పలుచని తెల్లరాతి పలక కనిపించిందంటే అది అక్కడ పుట్టింది కాదు. ఎవరో ఎడ్లబండి మీదో, పడవ మీదో తెప్పించినది. ఎందుకు తెప్పించారో చాలాసార్లు దాని అడుగువైపు రాసి ఉండే అవకాశం ఉంది.

మరమ్మతులు రెండు వైపులా పదునున్న కత్తి. చేబ్రోలులో మరమ్మతుల పుణ్యాన శాసనం దొరికింది. ఇంకెన్నో ఊళ్లలో అదే మరమ్మతుల పేరుతో పాత రాతికి ఎనామిల్ పెయింటు వేస్తారు, మీద గ్రానైటు అతికిస్తారు, గుంటలు పడ్డ అక్షరాలను సిమెంటుతో పూడుస్తారు. చందా ఇచ్చినవాళ్ల పేర్లు కొత్త పలక మీదికి ఎక్కించేందుకు, 1,500 ఏళ్ల కిందట చందా ఇచ్చినవాడి పేరును చెరిపేస్తారు. చెడ్డ ఉద్దేశంతో కాదు. అది రాత అని తెలియక. గీతలని, గొడ్డలి గాట్లని, ఎవరో పిల్లలు గీకారని అనుకుంటారు. బ్రాహ్మి అక్షరాలు చూడ్డానికి అలాగే ఉంటాయి మరి. నిలువు గీత, అడ్డగీత, కూడిక గుర్తు, సున్నా.

పొలంలో దొరికినప్పుడు ఇంకో భయం. చెబితే గవర్నమెంటువాళ్లు పొలం లాగేసుకుంటారని! దున్నుతుండగా పలక దొరికితే రాత్రికి రాత్రే కాలవలో పడేసిన కథలు పల్లెల్లో వినపడుతూనే ఉంటాయి. ఒక విడి రాయి దొరికినంత మాత్రాన పొలం పోదు. స్థలాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించాలంటే దానికి వేరే నోటిఫికేషను, వేరే తతంగం ఉన్నాయి. తహసీల్దారుకు ఒక కాగితం రాసి ఇస్తే కబురు పైకి వెళుతుంది.

రాయి ఎక్కడికీ కదలక్కర్లేకుండా రాతను మాత్రం తీసుకెళ్లే ఉపాయం కూడా ఉంది. శాసనాలవాళ్లు వస్తే తెచ్చేది ఒక కుంచె, ఒక బకెట్టు, కాగితం చుట్ట, సిరా. రాతిని నీళ్లతో శుభ్రంగా కడుగుతారు. కాగితాన్ని తడిపి రాతికి అంటిస్తారు. బుడగలు లేకుండా కుంచెతో టపటపా కొడతారు. తడి కాగితం అక్షరాల గుంటల్లోకి దిగుతుంది. కాస్త ఆరాక గుడ్డమూటతో నల్లసిరా అద్దుతారు. ఎత్తుగా ఉన్నచోట నలుపు పడుతుంది, గుంటల్లో పడదు. ఒక పూట పని. ఎండిన కాగితాన్ని ఒలిచి తీస్తే నల్లని దాని మధ్య అక్షరాలు తెల్లగా నిలుస్తాయి. ఆ కాగితం మడతపెట్టుకుని మైసూరులోని శాసన విభాగానికి వెళ్లిపోతుంది. రాయి ఊళ్లోనే, రావిచెట్టు కిందే ఉంటుంది. అక్కడ ఒకరు టేబుల్ మీద కాగితం పరుచుకుని, అద్దం పట్టుకుని, ఎడమనుంచి కుడికి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటారు. ఈ కాలపు దానశాసనాల్లో చాలావాటికి మొదటి మాట ఒకటే ఉంటుంది. 'సిద్ధం'. ఆ తరవాత ఎవరి కొడుకు, ఎవరి భార్య, ఏ ఊరు అన్నది మొదలవుతుంది.